మేడ మీద వదిలిన గ్యాస్ ఎక్కడికి పోతుంది?

అయ్యా,

మా పక్క లాడ్జి వాళ్లు పోయిన వారం పాత ఏసీలు మార్పించారు. వాళ్ల మేడ మా మేడకు ఆనుకునే ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్లు అవుట్‌డోర్ యూనిట్ దగ్గర కూర్చుని రాగి పైపు నట్టు లూజ్ చేయడం, బుస్సుమని తెల్లగా పొగ రావడం, వాళ్లు పక్కదానికి జరగడం. "గ్యాస్ అట్లా వదిలేస్తే ఎట్లా నాయనా?" అన్నాను. "గాలికన్నా బరువు సార్, పైకి పోదు" అన్నాడు ఒకడు.

బరువన్నది నిజమే. స్టిక్కరు మీద ఆర్-22 అని ఉంది, క్లోరిన్ ఉన్న ఏసీ గ్యాస్ అది, గాలికి మూడింతలు బరువు. కానీ దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి మజ్జిగ చిలికినట్టు కలుస్తూనే ఉంటుంది. బరువైనవి అడుగున పేరుకోవడం ఉండదు. ఆర్-22 ఎక్కువగా కింది గాలిలోనే నశిస్తుంది, అదీ ఏళ్ల మీద. మిగిలింది పైకెక్కుతుంది.

ఎక్కే దారి మన నెత్తిమీదే. ఉష్ణమండలంలోనే గాలి 16, 17 కిలోమీటర్లు దాటి ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరుతుంది. ఆపైన సెకనుకు మిల్లీమీటరు కూడా ఎక్కదు, మెల్లగా ధ్రువాల వైపు జరుగుతుంది. అతినీలలోహిత కిరణాలకు ఆ గ్యాస్ నుంచి విడిపోయిన ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను విరగ్గొడుతుంది. తిరుపతి లాడ్జి గ్యాసుకు అంటార్కిటికా మీద లెక్క తేలుతుందన్నమాట! ఆ ఎత్తుల్లో గాలి కదలికలు చూడటానికే తిరుపతి దగ్గరి గాదంకిలో 1024 యాంటెన్నాల రాడార్ ఉంది. మనవాళ్లకు మాత్రం గాదంకి అంటే టోల్‌గేటే గుర్తొస్తుంది.

కొత్త ఏసీల్లోని ఆర్-32లో క్లోరిన్ లేదు. అలాగని దాన్నీ వదిలేయకూడదు. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్‌కన్నా 600 రెట్లకు పైగా వేడి పెంచుతుంది.

కుర్రాళ్లను తప్పుపట్టను. యూనిట్‌కింత అని కూలి. కంప్రెసర్ పనిచేస్తుంటే పంప్‌డౌన్ చేసి గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోనే పట్టి ఉంచొచ్చు, కానీ పాత ఇనుము కొట్టుకు చేరాక మళ్లీ అదే బుస్సు. గ్యాస్ లాగి సిలిండర్‌లో నింపే రికవరీ మిషన్ కావాలి. అది కొనే స్తోమత వాళ్లకెక్కడిది? నగరపాలక సంస్థ రెండు మిషన్లు కొని అద్దెకివ్వాలి. లాడ్జిల లైసెన్స్ రెన్యువల్ అప్పుడు పాత ఏసీల గ్యాస్ ఎవరికిచ్చారో రసీదు అడగాలి. సెప్టెంబర్ 16న ఓజోన్ దినమని పిల్లల్ని ఎండలో ప్లకార్డులతో నడిపించే బదులు, ఆ పూట మెకానిక్‌లకు ఈ పని నేర్పించినా చాలు.

పక్క లాడ్జిలో ఇంకో అంతస్తు ఏసీలు దించాల్సి ఉందట. వచ్చే వారమే పని.

— ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, తిరుపతి