ఫిర్యాదు ఇచ్చినవారికి కబురు చెప్పండి: హోంశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోంశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా పట్టణంలో ఎవరింట్లోనైనా దొంగతనం జరిగిందంటే, పలకరించడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది "స్టేషన్‌లో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని. నేరం గురించి, పోలీసుల గురించి, కోర్టుల గురించి మావాళ్లు ఏమనుకుంటున్నారో ఆ ఒక్క ప్రశ్నతో మీకు అర్థమవుతుందని నమ్ముతూ ఈ లేఖ రాస్తున్నాను.

కిందటేడు ఒక తెల్లవారుజామున మా అమ్మ వాకిలి ఊడుస్తుండగా, బైకు మీద వచ్చిన ఇద్దరు ఆమె మెడలోని పుస్తెలతాడు తెంపుకుపోయారు. మేము రాసి తీసుకెళ్లిన ఫిర్యాదును స్టేషన్ రైటర్ చదివి, "తెంపుకుపోయారని ఎందుకమ్మా, ఎక్కడో పడిపోయిందని రాయండి, పని త్వరగా అవుతుంది" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. కొంగు పక్కకు జరిపి, మెడ మీద ఎర్రగా కమిలిన గీతను చూపించింది. ఆయన తల దించుకుని, ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారు, రేపు రండి అన్నాడు. ఎఫ్‌ఐఆర్ నమోదైంది నాలుగో రోజున, అదీ మా బంధువొకరు ఒక నాయకుడి చేత ఫోన్ చేయించాక. పోయిన బంగారం కన్నా ఆ ఫోన్ గురించే అమ్మ ఎక్కువ బాధపడింది. ఆ పాటి పలుకుబడి కూడా లేనివాళ్ల సంగతేమిటని ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

చట్టం ఆమె పక్షానే ఉంది. మెడలోని గొలుసు లాక్కుపోవడాన్ని నేరాలనూ శిక్షలనూ నిర్దేశించే భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ ప్రత్యేక నేరంగా పేర్కొంది. ఇటువంటి కాగ్నిజబుల్ నేరాల్లో, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరాల్లో, ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితకుమారి కేసులో తీర్పు చెప్పింది. దర్యాప్తు ఎలా జరపాలో చెప్పే చట్టంగా 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, కొన్ని తరగతుల నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ జరపడానికి వీలిచ్చింది గానీ, ఫిర్యాదులోని మాటనే మార్చి రాయమనడానికి ఎక్కడా వీలివ్వలేదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు గానీ బాధితులకు గానీ 90 రోజుల్లోగా తెలియజేయాలని అదే చట్టం 193వ సెక్షన్‌లో ఉంది. మాకు 90 రోజులు గడిచాయి, మరో 90 గడిచాయి. ఒక్క కబురు రాలేదు.

ఏ కబురూ రాకపోతే జనం తోచినట్టు అనుకుంటారు. నిందితుడికి బెయిల్ వస్తే కేసు కొట్టేశారనుకుంటారు, వాయిదా పడితే ఎవరో డబ్బు తిన్నారనుకుంటారు. ఓడినవాడు కోర్టులో ఏడ్చాడు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడు అన్న పాత సామెతను మా పట్టణంలో ఇప్పటికీ రోజూ వింటాం. 2019 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా వీధిలోనూ సంబరాలు చేసుకున్నారు. ఆ కాల్పులు ప్రాణాలు తీయాలన్న ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఆ రోజు సంబరపడినవాళ్లు క్రూరులని నేననుకోను. కోర్టుకు వెళితే తమ జీవితకాలంలో తేలదన్న నిరాశ వాళ్లది, ఆ నిరాశే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతోంది.

సిబ్బంది కష్టం నాకు తెలియనిది కాదు. పొద్దున ఊరేగింపుకు, మధ్యాహ్నం వీఐపీ బందోబస్తుకు వెళ్లిన అధికారి రాత్రి కూర్చుని దర్యాప్తు చేయాలి. శాంతిభద్రతల పనినీ దర్యాప్తునూ వేరు చేయమని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. పది లక్షల జనాభాకు 50 మంది న్యాయమూర్తులు ఉండాలని లా కమిషన్ 1987లో సిఫారసు చేస్తే నేటికీ అందులో సగమైనా లేరు. ఇవి ఒక్క ఏడాదిలో తీరేవి కావు, పైగా అన్నీ మీ ఒక్కరి చేతిలో ఉన్నవీ కావు.

కబురు చెప్పడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ఫిర్యాదు తీసుకున్న వెంటనే తేదీ, సమయం వేసిన రసీదు ఇవ్వాలని, 90 రోజుల సమాచారాన్ని తెలుగులో, చదివితే అర్థమయ్యే మాటల్లో, దర్యాప్తు అధికారి పేరూ ఫోన్ నంబరుతో సహా పంపాలని ప్రతి స్టేషన్‌కూ ఉత్తర్వు ఇవ్వండి. ఎన్ని కేసుల్లో పంపారో, ఎన్నిటిలో పంపలేదో ప్రతి నెలా స్టేషన్ గోడ మీద అతికించమనండి.

మా అమ్మ తన ఎఫ్‌ఐఆర్ కాపీని బీరువాలో పెళ్లి ఫోటోల కింద భద్రంగా దాచుకుంది. దర్యాప్తు ఇంకా ముందుకు సాగలేదని రాసినా సరే, ఆ కాపీ మీది నంబరు వేసిన ఒక ఉత్తరం ఆమెకు అందేలా చూడవలసిందిగా మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఫిర్యాదుదారు కుమార్తె