'పాజిటివ్' అన్న చీటీతో ఏడాదిగా తిరుగుతున్నాం, మంత్రిగారూ

మహారాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

సిరోంచ తాలూకా నుంచి రాస్తున్నాను. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ మరాఠీలో రాయించి ఇచ్చాను. ముద్ర వేసిన నకళ్లు నా దగ్గరే ఉన్నాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నాకు వచ్చిన భాషలో, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బిడ్డకు తొమ్మిదేళ్లు. పోయిన దీపావళికి ముందు బడిలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు) క్యాంపు పెట్టి, వేలు గుచ్చి రక్తం తీశారు. చిన్న గొట్టంలోని మందునీళ్లలో కలిపితే అవి మసకబారాయి. వెనక పెట్టిన కాగితం మీది గీతలు కనబడలేదు. చీటీ మీద 'పాజిటివ్' అని రాసిచ్చారు.

సంతోషమే, పరీక్షయినా చేశారు. కానీ ఆ పరీక్ష చెప్పేది సగమే. సికిల్ హిమోగ్లోబిన్ ఉందని చెబుతుంది. అది తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చిందా, ఇద్దరి నుంచీ వచ్చిందా చెప్పదు. రెండింటిలోనూ నీళ్లు మసకబారతాయి. ఒక్కరి నుంచే అయితే బిడ్డ వాహకురాలు, మామూలుగా బతుకుతుంది, పెళ్లి చేసేటప్పుడు చూసుకోవాలి. ఇద్దరి నుంచీ అయితే అది రోగం, హైడ్రాక్సీయూరియా లాంటి మందు గురించి ఇప్పుడే ఆలోచించాలి. ఇదంతా డీఎంఎల్‌టీ (ల్యాబు పరీక్షల డిప్లొమా) చదివిన మా అక్క కొడుకు చెప్తే తెలిసింది. చీటీ ఇచ్చినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ తేడా తేల్చేది హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి ఏది ఎంత శాతమో చూపిస్తుంది. యంత్రంలో ఒక్క సాంపిల్‌కు పట్టేది ఆరేడు నిమిషాలట. మేం ఏడాదిగా ఎదురుచూస్తున్నాం.

మొదటి సాంపిల్ ఊదారంగు మూత గొట్టంలో తీసుకుని పదిహేను రోజుల్లో రిపోర్టు అన్నారు. సంక్రాంతికి వెళ్లి అడిగితే అసలు పేరే లేదన్నారు. రెండోది మే నెల ఎండలో ఇచ్చాం. దారిలో చెడిపోయిందట. చల్లని పెట్టెలో పెట్టకుండా మా గతుకుల రోడ్ల మీద అంత దూరం పంపితే చెడిపోక ఏమవుతుంది?

వానాకాలంలో బిడ్డకు కాళ్లు, నడుము విపరీతంగా నొప్పి పుట్టాయి. రాత్రంతా అరిచింది. దవాఖానకు తీసుకెళ్తే హిమోగ్లోబిన్ ఐదుకు పడిపోయింది, వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. మేనల్లుడు ఫోన్ చేసి, 'మామా, ఎక్కించకముందే హెచ్‌పీఎల్‌సీకి ఒక గొట్టం తీయించు. తర్వాత దాత రక్తం కలిసి రిపోర్టు తప్పుగా వస్తుంది, మూడు నెలలు ఆగాల్సొస్తుంది' అన్నాడు. నేను ఆ మాటే నర్సుకు చెప్పాను, డాక్టరుకు చెప్పాను, మళ్లీ నర్సుకు చెప్పాను. మాకు చదువు చెప్తున్నావా అన్నారు. రక్తం మ్యాచింగ్‌కు ఎలాగూ సూది గుచ్చారు కదా సార్, అప్పుడే ఇంకో గొట్టం నింపి పక్కన పెడితే ఏం పోయేది? పోనీ మా ఆలుమగలిద్దరి రక్తం పరీక్షించినా కొంత తెలిసేది. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ప్రైవేటులో చేయించుకో అని ఒక ఉద్యోగి సలహా ఇచ్చాడు. అప్పు చేసి నేను చేయిస్తాను. మా ఊళ్లో అదే చీటీ పట్టుకున్న మిగతా పిల్లల సంగతేంటి?

వాహకుడి రక్తంలో రెండు రకాల హిమోగ్లోబిన్ ఉంటుందని, రోగిలో అలా ఉండదని అమెరికా శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, ఆయన తోటివాళ్లు కరెంటుతో విడదీసి చూపించింది 1949లో. 2023లో ఇదే రోగానికి జన్యువును సరిచేసే చికిత్సకు బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలనే బయటికి తీసి, జన్యువును కత్తిరించి మార్చే క్రిస్పర్ అనే పద్ధతితో మార్చి, మళ్లీ ఎక్కిస్తారు. మేం అంత అడగడం లేదు. 1949లో తెలిసిన సంగతి మా బిడ్డ విషయంలో చెప్పండి చాలు.

చంద్రపూర్‌లో హిమోగ్లోబిన్ జబ్బుల కోసమే కేంద్ర పరిశోధన కేంద్రం ఉంది. 2022 డిసెంబరులో ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. మన జిల్లా పక్కనే అంత విద్య ఉన్నా, అది సిరోంచ దాకా ఎందుకు రావడం లేదు? తాలూకాకు ఒక యంత్రం ఇవ్వండి. అది కాకపోతే వారానికోసారి ఐసు పెట్టెతో ఒక బండి పంపండి. అదీ కాకపోతే రిపోర్టు ఎక్కడ ఆగిందో చెప్పే మనిషినైనా పెట్టండి. 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేస్తామని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అప్పటికి మా బిడ్డకు ముప్పై దాటుతాయి. దానికి రిపోర్టు ఇప్పుడు కావాలి సార్, ఇప్పుడే కావాలి.

రక్తం ఎక్కించి మూడు నెలలు దాటింది. వచ్చే సోమవారం మూడో సాంపిల్ ఇవ్వడానికి తీసుకెళ్తున్నాను. దయచేసి ఈ ఒక్క గొట్టం చెడిపోకుండా, పేరు తప్పిపోకుండా చూడండి.

ఇట్లు,
ఒక తండ్రి,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా