పదేళ్ళు కాదండీ, 61 ఏళ్ళు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో అమెరికా వీసాల గొడవ మీద ఫుల్ పేజీ వేశారు, బాగానే ఉంది, కానీ ఒక మూల "గతంలో చైనా కూలీలను కూడా అమెరికా పదేళ్ళు నిషేధించింది" అని ఒక్క లైన్లో తేల్చేశారు. పదేళ్ళు కాదండీ. 1882 లో చట్టం చేసినప్పుడు పదేళ్ళే అన్నారు, 1892 లో ఇంకో పదేళ్ళు పొడిగించి అక్కడున్న ప్రతి చైనా కూలీ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి లేదంటే పట్టుకుని పంపించేస్తాం అన్నారు, 1902 లో మళ్ళీ పొడిగించారు, ఆ తర్వాత గడువు అనే మాటే లేకుండా చేశారు. ఎత్తేసింది 1943 లో, అది కూడా జపాన్ తో యుద్ధంలో చైనా తమ పక్కన ఉంది కాబట్టి. ఎత్తేశాక ఏడాదికి ఎంతమందికి కోటా ఇచ్చారో తెలుసా, 105 మందికి! మా కాజీపేటలో ప్యాసింజర్ బండి ఒక్క జనరల్ బోగీలోకి అంతకన్నా ఎక్కువమంది ఎక్కుతారు.

ఇవన్నీ నాకెందుకంటే, నేను రైల్వేలో ట్రాక్ మీద 34 ఏళ్ళు చేసి రిటైర్ అయినవాణ్ణి. కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు శాక్రమెంటోలో రైల్వే మ్యూజియం ఉందంటే పట్టుబట్టి తీసుకెళ్ళమన్నా. ఇంజన్ల దగ్గర ఫోటోలు దిగుతా అనుకుంది మా కోడలు, నేనేమో పట్టాలు వేసినోళ్ళ కథ దగ్గరే ఆగిపోయా. సియెర్రా కొండల్లో గ్రానైట్ రాయి తొలిచి, మంచులో సొరంగాలు తవ్వి, అమెరికాని ఆ చివర నుంచి ఈ చివర దాకా కలిపిన మొదటి రైలు లైన్లో ఆ ముక్క వేసింది ఎక్కువగా చైనా వాళ్ళే, పది పదిహేను వేల మంది. తెల్ల కూలీలకి జీతం ఇచ్చి తిండి కూడా కంపెనీయే పెట్టేది, వీళ్ళకి జీతమూ తక్కువే, తిండి ఖర్చూ వీళ్ళదే. 1867 లో అందరితో సమానంగా ఇవ్వమని సమ్మె చేస్తే కంపెనీ కొండ మీదికి సరుకులు రాకుండా ఆపేసింది, కొండ మీద తిండి లేకపోతే ఎన్నాళ్ళుంటారు, వారంలో సమ్మె అయిపోయింది. 1869 ఏప్రిల్ 28 న ఒక్క రోజులో పది మైళ్ళ ట్రాక్ వేశారంట, మెషిన్లు లేవు, అంతా చేత్తోనే, అది ఎంత పనో ట్రాక్ మీద చేసినోడికే తెలుస్తుంది. ఆ రోజు పట్టాలు ఎత్తిన ఎనిమిది మంది ఐరిష్ వాళ్ళ పేర్లు రికార్డులో ఉన్నాయి. చైనా వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. మా దగ్గర కూడా కాంట్రాక్టు లేబర్ అంటే మేస్త్రీ పేరు రాసి పక్కన "20 మంది" అని వేసేవాళ్ళు, అలా వేసినవాళ్ళలో నేనూ ఉన్నా, అందుకే అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయా.

ఇక అసలు విషయం. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది మాకు. ఎప్పుడు చూసినా "మనోళ్ళు లీగల్ గా వెళ్ళారు, దొంగదారిన పోయినోళ్ళతో మనకేం సంబంధం" అనే మెసేజే. 2025 సెప్టెంబర్లో హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అనగానే ఇండియా వచ్చిన పిల్లలు పెళ్ళిళ్ళు కూడా మధ్యలో వదిలేసి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తారు కదా, అప్పుడు నాకు ఛే ఛాన్ పింగ్ అనే చైనా కూలీ గుర్తొచ్చాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో పన్నెండేళ్ళు పని చేసుకుని, తిరిగి రావడానికి గవర్నమెంట్ ఇచ్చిన సర్టిఫికెట్ తీసుకునే 1887 లో ఊరెళ్ళాడు. ఏడాది దాటాక ఓడలో తిరిగొస్తుంటే, ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే, 1888 అక్టోబర్ 1 న ఆ సర్టిఫికెట్లు ఏవీ చెల్లవని చట్టం చేసేశారు. వారానికి ఓడ వచ్చింది, దిగనివ్వలేదు. సుప్రీంకోర్టుకి వెళ్తే గవర్నమెంట్ ఇష్టం అంది. అలా కాగితాలు చెల్లకుండా పోయినవాళ్ళు ఇంచుమించు 20 వేల మంది. ఇంతకన్నా లీగల్ గా ఎట్లా వెళ్ళాలండీ మనిషి?

అదే గ్రూపులో అక్కడ పుట్టే మనవళ్ళకి సిటిజన్‌షిప్ ఉంటుందా పోతుందా అని, ట్రంప్ దాని మీద ఆర్డర్ వేసిన 2025 జనవరి నుంచి ఒకటే టెన్షన్. అక్కడ పుట్టిన పిల్ల అక్కడి పౌరురాలే అని 1898 లో సుప్రీంకోర్టు చేత చెప్పించింది వాంగ్ కిమ్ ఆర్క్ అని ఒక వంటాయన, శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, చైనా వెళ్ళొస్తే నువ్వు మా వాడివి కాదని ఆపేస్తే కేసు నడిపినవాడు. మీ ఫుల్ పేజీలో ఆయన పేరు లేదు. చైనా వాళ్ళతో మొదలెట్టి 1917 లో ఇండియా వాళ్ళ మీద కూడా అలాంటి నిషేధమే పెట్టారనీ, అమెరికా ఆర్మీలో చేసిన భగత్ సింగ్ థింద్ కి కూడా 1923 లో నువ్వు తెల్లవాడివి కాదు, పౌరసత్వం లేదు పొమ్మన్నారనీ కూడా లేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా, 1962 యుద్ధం అప్పుడు అస్సాం, బెంగాల్ వైపు తరాలుగా ఉంటున్న చైనా కుటుంబాల్ని మూడు వేల మంది దాకా రైళ్ళలో రాజస్థాన్ లోని దేవ్‌లీ క్యాంపుకి తోలాం. మా రైళ్ళే అవి. కరోనా టైంలో ఈశాన్య రాష్ట్రాల పిల్లల్ని "చైనా" అని పిలిచి షాపుల్లోకి రానివ్వని రోజులు మీ పేపర్లోనే చదివా.

పెద్ద సవరణ ఏమీ వద్దు, లోపలి పేజీలో చిన్న బాక్స్ చాలు. 1882 నుంచి 1943 దాకా అని వేసి, వీలైతే ఆ వంటాయన పేరు కూడా వెయ్యండి, కట్ చేసి మా గ్రూపులో పెడతా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
కాజీపేట