లెక్క అడగని డబ్బు

శాన్ ఆంటోనియో, టెక్సస్
ఏప్రిల్ 10, 2021

ప్రియమైన శేషూ,

"మీ ప్రభుత్వం మనిషికి లక్ష రూపాయలు ఊరికే పంచిందటగా, ఏం చేసుకున్నావురా?" అని మొన్న ఫోనులో అడిగావు. ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కాఫీ కలుపుకొని కూర్చో.

ఊరికే పంచిన మాట నిజమే. కరోనా దెబ్బకు జనం చేతిలో డబ్బు ఆడాలని స్టిమ్యులస్ పేరుతో ఇప్పటికి మూడు విడతలు ఇచ్చారు. కిందటేడు మార్చి చివర్లో చేసిన చట్టం ప్రకారం పెద్దవాళ్లకు 1,200 డాలర్లు, పదిహేడేళ్ల లోపు పిల్లలకు 500 వచ్చాయి. డిసెంబరులో ఇంకో చట్టం చేసి తలకు 600 ఇచ్చారు. ఈ మార్చి 11న బైడెన్ సంతకం చేసిన చట్టంతో తలకు 1,400. మేం నలుగురం కాబట్టి ఈ విడతలో మాకు 5,600 డాలర్లు వచ్చాయి. దరఖాస్తు పెట్టలేదు, ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. మా పాత రిటర్నులూ బ్యాంకు ఖాతా నంబరూ పన్నుల శాఖ దగ్గర ఉన్నాయి కదా, వాటిని చూసి నేరుగా ఖాతాలో వేసేశారు. దంపతుల ఆదాయం లక్షా యాభై వేల డాలర్లు దాటకపోతే పూర్తి మొత్తం వస్తుంది. దాని మీద పన్ను లేదు, తిరిగి కట్టే పనీ లేదు. నీకు నిజంగా అవసరమా, దేనికి ఖర్చు పెట్టావు అని అడిగినవాళ్లే లేరు.

నాకూ సుధకూ ఉద్యోగాలు పోలేదు. ఇంట్లో కూర్చునే పని చేసుకున్నాం, జీతాలు నెలనెలా వచ్చాయి. పెట్రోలు ఖర్చు తగ్గి నాలుగు డబ్బులు మిగిలాయి కూడా. అదే సమయంలో, కిందటేడు ఒక్క ఏప్రిల్ నెలలోనే ఈ దేశంలో రెండు కోట్ల మందికి పైగా పని పోయింది. ఆ నెల 9న మా ఊళ్లో ఫుడ్ బ్యాంకు వాళ్లు ఊరికే సరుకులు పంచుతుంటే దాదాపు పదివేల కుటుంబాలు వచ్చాయి. మైదానం నిండా వరసలు కట్టి నిలిచిన కార్ల ఫొటో నువ్వూ చూసే ఉంటావు. కారున్నవాడికి తిండికి కరువేమిటని అక్కడ మన దేశంలో చాలామంది అనుకున్నారట. ఈ ఊళ్లో కారు లేకపోతే పనికి పోవడమే కష్టం. ఆ కారు కూడా చాలామందికి వాయిదాల మీదే ఉంటుంది. పని పోయిన నెలలో బియ్యానికైనా ఆ కారులోనే రావాలి.

అందుకే మూడో విడత పడిన రోజు సుధ, "ఇది మన డబ్బు కాదు, మన చేతుల మీదుగా పోవాల్సిన డబ్బు" అంది. నాకూ అదే సబబనిపించింది. ప్రభుత్వం ఈ డబ్బు పంచిందే ఊళ్లలో చెలామణీ అవ్వాలని, కొట్లు నడవాలని. మా బ్యాంకు ఖాతాలో పడుకోబెడితే ఎవరికి లాభం? కొంతమంది షేర్లు కొన్నారు. వాళ్ల ఇష్టం వాళ్లది, నేను తప్పుపట్టను. మాకు మాత్రం చుట్టూ కనిపిస్తున్న మనుషులను వదిలి అటు చూడబుద్ధి కాలేదు.

ముందుగా ఈ డబ్బు ఎవరికి రాలేదో చూశాం. నువ్వు వింటే ఆశ్చర్యపోతావు, అందులో మనవాళ్లే ఎంతోమంది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలను మొదటి ఐదేళ్లూ పన్నుల చట్టం ఈ దేశవాసులుగా లెక్కించదు, కాబట్టి వాళ్లకు ఒక్క డాలరూ రాదు. లైబ్రరీలోనో, క్యాంటీన్‌లోనో వారానికి ఇరవై గంటలు పనిచేసి సరుకులకు సంపాదించుకునేవాళ్లు. క్యాంపస్ మూసేయగానే ఆ ఆధారమూ పోయింది. బయట పని చేయడానికి వీసా ఒప్పుకోదు. ఇంట్లో అడుగుదామంటే, అక్కడ పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఉంటుంది. మాకు తెలిసిన నలుగురు కుర్రాళ్లు ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. ఒకడిది గుంటూరు జిల్లా, ఒకడిది నల్గొండ. వాళ్ల రెండు నెలల అద్దె మేం కట్టాం. "ఉద్యోగం రాగానే తీర్చేస్తాం అంకుల్" అని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం వాళ్లకే తిరిగి ఇచ్చేశాను. అప్పు మీద అప్పు ఎందుకురా వాళ్లకు?

ఇంకో కుటుంబం సంగతి చెప్పాలి. భర్తది ఉద్యోగానికిచ్చే హెచ్1 వీసా, భార్యది అతని మీద ఆధారపడి వచ్చిన హెచ్4, ఇక్కడే పుట్టిన చిన్నపాప. పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు భార్యకు లేదు. కలిపి రిటర్ను వేసే దంపతులిద్దరికీ ఆ నంబరు ఉండాలన్న మొదటి చట్టం ప్రకారం భర్తకూ రాలేదు, ఇక్కడి పౌరురాలైన ఆ పసిబిడ్డకూ రాలేదు. అన్ని పన్నులూ కట్టే ఇల్లు అది! డిసెంబరు చట్టంలో ఆ అన్యాయాన్ని సరిదిద్దారు, వెనకటి విడతకు కూడా వర్తింపజేశారు. ఆ సంగతి వాళ్ల దాకా చేరనే లేదు. వాళ్లకు కావలసింది మా డబ్బు కాదు. 2020 రిటర్నులో ముప్పయ్యో లైనులో ఆ మొత్తం అడిగితే వాళ్ల డబ్బు వాళ్లకే వస్తుంది. ఒక శనివారం కంప్యూటర్ ముందు కూర్చుని వాళ్ల చేత అది నింపించాను. ఫిబ్రవరి మంచు తుఫాను వల్ల టెక్సస్‌వాళ్లకు రిటర్ను గడువు జూన్ 15 దాకా పొడిగించారు, అది కలిసొచ్చింది. ఆ తర్వాత తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి చెబుతున్నాను. జేబులోంచి పైసా తీయకుండా చేయగలిగే సాయం ఇంతకన్నా పెద్దది నాకు తోచలేదు.

ఆ తుఫాను సంగతి నీకు పూర్తిగా చెప్పనే లేదు కదూ. రాష్ట్రంలో 40 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. ఈ వేడి ఊరి ఇళ్లు అంత చలికి తట్టుకునేలా కట్టినవి కావు, నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగిలిపోయాయి. మా పక్కింట్లో మెక్సికన్ పెద్దావిడ ఒక్కరే ఉంటారు. వాళ్ల వంటింటి గోడలోంచి నీళ్లు ధారలు కట్టాయి. ఇంటి బీమా ఎప్పుడో ఆపేశారట. నెల దాటినా బకెట్లతోనే కాలక్షేపం చేస్తున్నారని సుధ కనిపెట్టింది. ప్లంబర్‌ను పిలిపించి మొత్తం పని చేయించాం. ఆ ప్లంబర్ ఒక్కడే వ్యాపారం నడుపుకుంటున్నాడు, అతడికీ ఈ ఏడాది గిరాకీ అంతంతమాత్రం. ఆవిడకు నీళ్లొచ్చాయి, ఇతడికి కూలి దొరికింది. ఈ డబ్బు ఎందుకు పంచారో నాకు బాగా అర్థమైంది ఆ రోజే.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసిన సంగతి వేరే ఉంది. రెండు వారాలకోసారి మా ఇల్లు శుభ్రం చేసే ఆవిడను కిందటేడు మార్చి నుంచి పిలవలేదు. కరోనా భయంతో ఎవరమూ పిలవలేదు. ఆవిడకు ఏ విడతలోనూ ఏమీ రాలేదని చెప్పారు, కారణం మేం అడగలేదు. సుధ కవరు ఇవ్వబోతే తీసుకోలేదు. "పని చేయకుండా తీసుకోను" అన్నారు. సుధ కాసేపు ఆలోచించి, "ఇంట్లో ఉండి పనిచేస్తే మాకు జీతం ఆగలేదు, మీకు మాత్రం ఎందుకు ఆగాలి? ఇది మీ బాకీ" అంది. అప్పుడు తీసుకున్నారు. శేషూ, ఇవ్వడం తేలికేరా. ఎదుటి మనిషి తల దించుకోనక్కర్లేకుండా ఇవ్వడానికే తెలివి కావాలి. నా భార్యకు ఆ తెలివి పుష్కలంగా ఉంది.

మన కోనసీమలో డొక్కా సీతమ్మగారు అర్ధరాత్రి వచ్చినవాళ్లకు కూడా కులమేమిటి, ఊరేమిటి అనకుండా వండి వడ్డించారని మీ బామ్మ చెప్పేవారు కదా. గన్నవరం లంకలో ఆవిడ ముందు అన్నం పెట్టేవారు, ఆకలి నిజమేనా అని విచారణ చేసేవారు కాదు. ఇక్కడ దానం చేసేవాళ్లలో నాకు నచ్చనిది ఆ విచారణే. కొందరు వంద డాలర్లు ఇచ్చి, అవి మంచి పనికే ఖర్చయ్యాయా అని వారం తిరక్కుండా అడుగుతారు. మమ్మల్ని ప్రభుత్వం అలా అడగలేదే! 5,600 డాలర్లు ఇచ్చి మా మానాన మమ్మల్ని వదిలేసింది. ఆ నమ్మకాన్ని అందుకున్నవాళ్లం, పక్కవాడి దగ్గరికి వచ్చేసరికి రశీదులు అడుగుతామా? ఆ కుర్రాళ్లలో ఒకడు అద్దె పోను మిగిలిన దాంట్లోంచి వాళ్ల చెల్లికి పుట్టినరోజు గౌను పంపాడట. నాకు ఎంత సంతోషమేసిందో!

ఫుడ్ బ్యాంకుకు మాత్రం సరుకులు కాకుండా డబ్బే ఇచ్చాం. మనం కొట్లో కొనే ధరకు వాళ్లు అంతకు ఎన్నో రెట్ల సరుకు తెప్పించగలరు. దంపతులం కాబట్టి ఇలాంటి సంస్థలకు ఇచ్చిన దాంట్లో ఈ ఏడాది 600 డాలర్ల దాకా పన్ను మినహాయింపు కూడా ఉంది. మనుషులకు నేరుగా ఇచ్చినదానికి అలాంటిదేమీ లేదు, లేకపోయినా ఫరవాలేదు.

ఇక నీకో పని అప్పగిస్తున్నాను. 600 డాలర్లు విడిగా ఉంచాం, మన లెక్కలో 45 వేల రూపాయల దాకా అవుతుంది. నీ ఖాతాకు పంపుతాను. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50 వేలు దాటి వస్తే నీకు పన్ను పడుతుంది, అందుకే అంతకు లోపే ఉంచాను. మన ఊరి సన్నాయి మేళం వాళ్లకు ఏడాదిగా సరైన పెళ్లిళ్లు లేవని నువ్వే అన్నావు. ఈ సంవత్సరం మొదటి నుంచీ మూఢం ఒకటి. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో నువ్వే నిర్ణయించు, నాకు చెప్పనక్కర్లేదు. పేపరు వాళ్లను పిలవకు, ఫొటోలు తీయకు. వచ్చే శుభకార్యానికి బయానా అని చెప్పి ఇవ్వు, అలాగైతే కాదనరు. మా పెద్దాడి ఒడుగు మన ఊళ్లోనే చేయాలని సుధ ఎప్పటి నుంచో అంటోంది కాబట్టి అది అబద్ధమూ కాదు.

అక్కడ కేసులు మళ్లీ పెరుగుతున్నాయని విని బెంగగా ఉంది. బాబాయిగారికి రెండో డోసు ఎప్పుడో రాయి. పిన్నిగారిని ఉగాది పచ్చడి సామాన్ల కోసం బజారుకు వెళ్లనివ్వకు, నువ్వే మాస్కు కట్టుకుని వెళ్లి తీసుకురా. డబ్బు సోమవారం పంపుతాను, నీకు అందేసరికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ముట్టగానే ఒక్క మాట చెప్పు చాలు.

నీ
ప్రసాదు