కామా తరువాత ‘దట్’ ఎందుకు నిలవదు?

సంపాదకులకు నమస్కారం.

గోదావరి జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినదానను. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మా వీధి అమ్మాయి ఒకతె ఇటీవల ఒక మాదిరి ప్రశ్నపత్రం తెచ్చి చూపింది. ‘ద గోదావరి, ... రైజెస్ నియర్ త్ర్యంబకేశ్వర్, ఫ్లోస్ ఇంటు ద బే ఆఫ్ బెంగాల్’ అనే వాక్యంలోని ఖాళీకి జవాబు ‘దట్’ అని అందులో అచ్చయింది. ‘విచ్’ అని రాసిన ఆ అమ్మాయి తనదే తప్పనుకుని దిద్దుకుంది. నిజానికి ఒప్పు ఆమెదే. ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారే పరీక్షలకు సిద్ధమవుతున్న పిల్లల చేత తెలిసిన సంగతిని కూడా మరిపించే ఇటువంటి జవాబులు చూసి బాధ కలిగి ఈ లేఖ రాస్తున్నాను.

గోదావరి అనగానే ఏ నదో తెలిసిపోయింది. కామాల నడుమ ఉన్నది ఆ నదిని గురించిన అదనపు సమాచారం మాత్రమే. దాన్ని తీసివేసినా ఏ నది అన్న సందేహం రాదు. ఇటువంటి ఉపవాక్యంలో మనుషులకు ‘హూ’, వస్తువులకు ‘విచ్’ వాడాలి. ‘దట్’ చేసే పని వేరు. పలువురిలో ఎవరు, పలు వస్తువుల్లో ఏది అని గుర్తుపట్టించే ఉపవాక్యమే దాని చోటు. అందుకే ధవళేశ్వరం ఆనకట్టను గురించి రాసేటప్పుడు ‘సర్ ఆర్థర్ కాటన్, హూ...’ అనీ, ‘ద ఆనికట్, విచ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852...’ అనీ రాయాలి తప్ప ఆ రెండు చోట్లా ‘దట్’ రాయకూడదు.

మన పిల్లలు ఇక్కడే తడబడడానికి కారణం వారి తెలివిలో లేదు, మేము పాఠం చెప్పిన తీరులో ఉంది. తెలుగు సహజంగా క్రియనే విశేషణంగా మార్చి నామం ముందు నిలుపుతుంది. ‘గుంటూరులో ఉండే మా అన్నయ్య డాక్టరు’ అంటే నాకు ఒక్కడే అన్నయ్యా, ముగ్గురిలో గుంటూరు అన్నయ్యా అన్నది వాక్యం చెప్పదు. సందర్భాన్ని బట్టి వినేవారు గ్రహిస్తారు. ఇంగ్లీషులో ఆ తేడాను కామా చెబుతుంది. కామాలు లేకపోతే అన్నయ్యలు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారని అర్థం, అక్కడ ‘హూ’తో పాటు ‘దట్’ కూడా చెల్లుతుంది. కామాలు పెడితే ఉన్నది ఒక్కడే అన్నయ్య, అప్పుడు ‘హూ’ ఒక్కటే మిగులుతుంది.

ఈ తేడాను విప్పి చెప్పడం మాని, ‘హూ అంటే ఎవరైతే, విచ్ అంటే ఏదైతే’ అని వల్లె వేయించాము. ఆ తప్పులో నాకూ భాగం ఉంది, చాలా ఏళ్ళు నేనూ అలాగే చెప్పాను. ‘ఎవరైతే కష్టపడతారో వారే నెగ్గుతారు’ అన్నప్పుడు ‘ఎవరైతే’ పలువురిలోంచి కొందరిని ఏరుతుంది. ‘గోదావరి, ఏదైతే త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టిందో, అది...’ అంటే మరో చోట పుట్టిన గోదావరి కూడా ఉన్నట్టు ధ్వనిస్తుంది. కామాల నడుమ ఉండే ఉపవాక్యానికి తెలుగులో సరిజోడు ‘ఏదైతే’ కాదు, రెండు విడి వాక్యాలు: గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది, అది త్ర్యంబకేశ్వరం దగ్గర పుడుతుంది. ఆ రెండో వాక్యంలోని ‘అది’ని గుర్తించిన పిల్లవాడికి ‘విచ్’ దానంతట అదే అందుతుంది. ‘ఆమె నిజం ఒప్పుకుంది, అది నాకు నచ్చింది’ అన్నప్పుడు ‘అది’ జరిగిన సంగతినంతటినీ సూచిస్తుంది. ఇంగ్లీషులో అక్కడా కామా పెట్టి ‘విచ్’ అనే రాయాలి, చాలామంది రాసే ‘వాట్’ తప్పు. ‘హూజ్’ మాత్రం మనుషులకూ వస్తువులకూ ఉమ్మడిది కనుక ‘కొండపల్లి, హూజ్ టాయ్స్...’ అని నిస్సంకోచంగా రాయవచ్చు.

దీనికి ఎదురు పొరపాటు కూడా కనిపిస్తోంది. కామా లేని చోట ‘విచ్’ రాస్తే తప్పని కొందరు ఎర్రగీత పెడుతున్నారు. గుర్తుపట్టించే ఉపవాక్యానికి ‘దట్’, అదనపు సమాచారానికి ‘విచ్’ కేటాయిస్తే బాగుంటుందని 1926లో తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో సూచించిన నిఘంటుకర్త హెన్రీ ఫౌలర్ కూడా ఎక్కువమంది రచయితలు గానీ ఉత్తమ రచయితలు గానీ అలా పాటించడం లేదని అక్కడే ఒప్పుకున్నాడు. ‘ద బుక్ విచ్ ఐ బాట్’ తప్పు కాదు. ‘ద గోదావరి, దట్...’ తప్పు. మనుషులకు ‘విచ్’ వాడడం కూడా ఒకప్పుడు ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోని ప్రార్థన ‘అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్’ అనే మొదలవుతుంది. మిషన్ బడుల్లో చదివిన మా తరం వారికి అది చెవిలో ఉండే ఉంటుంది. ఆ వాడుక ఇప్పుడు లేదు.

మీ విద్యా పేజీలో ‘హూ, విచ్, దట్’ల అధ్యాయం వచ్చినప్పుడు, ప్రతి జవాబు పక్కన ఆ వాక్యాన్ని తెలుగులో ఒకటిగా చెప్పాలో రెండుగా విడదీయాలో కూడా ఒక ముక్క అచ్చువేయించమని, ఖాళీల ప్రశ్నల్లో కామాలు జారిపోకుండా చూడమని కోరుతున్నాను. కామా ఒక్కటి జారితే జవాబే మారిపోతుంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం