మీ జపాన్ స్వీపర్ రిటైరయ్యాడు

ఫ్రాంక్‌ఫర్ట్,
2024 మే 21

నాన్నకు నమస్కారాలు.

మేమిక్కడ క్షేమం. అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా పగలకుండా చేరింది. వాట్సాప్‌లో రాసింది దాచుకోలేమని మీరన్నారు కదా, అందుకే ఈసారి కాగితం మీద రాస్తున్నాను.

ఫోన్ చేసినప్పుడల్లా "ఆ జపానాయన ఇంకా ఆడుతున్నాడా?" అని అడుగుతారు. ఇక అడగక్కర్లేదు. మా ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ ఫుట్‌బాల్ టీమ్ డిఫెండర్ మకోతో హసేబే మొన్న శనివారం బూట్లు విప్పేశాడు. లైప్‌జిగ్‌తో మ్యాచ్, 2-2. నాకు టికెట్ దొరకలేదు, మా వీధి చివర బార్‌లో టీవీ ముందు నిలబడి చూశాను. ఆఖర్లో ఆయన్ని మైదానంలోకి దింపారు. ఏడాదంతా మా టీమ్‌ను తిట్టే ఆ బార్ ఓనరు అప్పుడు మాత్రం నోరెత్తలేదు.

హసేబేది 1984లోనే పుట్టుక, అంటే నా ఈడు వాడే. షిజుఓకా దగ్గర ఫుజియేదా వాళ్ళ ఊరు. అక్కడి ఉరావా రెడ్స్ క్లబ్‌కు ఆడి, 2006లో జపాన్ లీగ్, 2007లో ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచి, 2008 జనవరిలో ఫోక్స్‌వాగన్ కార్ల ఊరు వోల్ఫ్స్‌బుర్గ్‌కు వచ్చాడు. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ అన్నదమ్ములు హబీబ్, అక్బర్ కలకత్తా వెళ్ళినట్టు అనుకోండి. పోయినేడు హబీబ్ పోయినప్పుడు మీరు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని అమ్మ చెప్పింది.

వోల్ఫ్స్‌బుర్గ్‌లో కోచ్ ఫెలిక్స్ మగాత్. ఆటగాళ్ళతో బరువైన మెడిసిన్ బాల్స్ మోయించి పరుగులు తీయించే మనిషి. ఆయన కింద 2009లో బుందెస్‌లిగా, అంటే జర్మనీ పెద్ద లీగ్, గెలిచారు. గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లు అందరికీ గుర్తున్నాయి. హసేబే మాత్రం ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడాడు. మధ్యలోనూ ఆడాడు, కుడివైపు బ్యాక్‌గానూ ఆడాడు. 2011 సెప్టెంబరులో హోఫెన్‌హైమ్ మీద ఆడుతుంటే గోల్‌కీపర్‌కు రెడ్ కార్డ్ పడింది. మార్చుకోవడానికి సబ్‌స్టిట్యూట్లు అప్పటికే అయిపోయారు. గ్లవ్స్ వేసుకుని గోల్‌లో నిలబడింది ఎవరో చెప్పక్కర్లేదు. ఒక గోల్ తిన్నాడు పాపం. మీరైతే "ఆ బంతి వదలకూడదు" అనేవారే.

2013లో నూర్న్‌బెర్గ్ టీమ్‌కు వెళ్ళాడు. మోకాలి దెబ్బతో ఆ సీజన్లో ఆడింది పద్నాలుగు లీగ్ మ్యాచ్‌లే, టీమ్ కింది డివిజన్‌కు పడిపోయింది. 2014లో మా ఊరొచ్చాడు. 2016లో ఐన్‌ట్రాక్ట్ కూడా కిందికి జారబోయి, ప్లేఆఫ్ ఆడి గట్టెక్కింది. ఆ ప్లేఆఫ్ ఎవరి మీదో తెలుసా? నూర్న్‌బెర్గ్ మీదే.

ఆ తర్వాతి సీజన్లో కోచ్ నికో కోవాచ్ ఆయన్ని మిడ్‌ఫీల్డ్ నుంచి డిఫెన్స్ నడుమకు లాగాడు. ఇక్కడ లిబెరో అంటారు, మీ భాషలో స్వీపర్, డిఫెండర్లందరి వెనక నిలబడి దాటొచ్చిన బంతుల్ని ఊడ్చేసేవాడు. ముప్పై రెండేళ్ళు దాటాక! మూడు వరల్డ్ కప్పుల్లో కెప్టెన్ ఆయన, 2010, 2014, 2018. జపాన్‌కు 114 మ్యాచ్‌లు ఆడి కొట్టినవి రెండే గోల్స్ అంటే మీరు నమ్మలేదు, లెక్క అదే నాన్నా. వెనక్కి వెళ్ళాక ఆయన ఆట ఇంకా బాగుపడింది. అందరూ పరిగెడుతుంటే తాను నడుస్తున్నట్టుండేవాడు, బంతి మాత్రం ఆయన దగ్గరికే వచ్చేది. 2018లో బెర్లిన్‌లో బయెర్న్ మ్యూనిక్‌ను 3-1తో ఓడించి జర్మన్ కప్ తెచ్చారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఊరికొచ్చిన మొదటి కప్పు. ఊరి నడుమ రోమర్ చౌరస్తాలో ఆ రోజు కాలు పెట్టే చోటు లేదు.

2022లో స్పెయిన్‌లోని సెవిల్లేలో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్ మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ చూశాం, మీకు అర్ధరాత్రి దాటింది. మా డిఫెండర్ తూతా దెబ్బతిని పడిపోయాడు, అవతలి టీమ్ రేంజర్స్ గోల్ కొట్టారు, ముప్పై ఎనిమిదేళ్ళ హసేబే దిగాడు. "ఇప్పుడు తాతను దింపుతారా!" అని అరిచింది మీరే. పెనాల్టీల్లో గెలిచాక మీరు ఫోన్ పెట్టకుండానే నిద్రపోయారు.

మొత్తం 384 బుందెస్‌లిగా మ్యాచ్‌లు. ఆసియా వాళ్ళలో ఇన్ని ఇంకెవరూ ఆడలేదు. ఇంతకుముందు రికార్డు కొరియా ఛా బుమ్-కున్‌ది, 308. ఆయనా ఒకప్పుడు మా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆడినవాడే.

అసలు విషయం ఫోన్లో చెప్పలేకపోయాను. మార్చి నుంచి ఆఫీసులో నేను టీమ్ లీడ్‌ను కాదు. పాత సిస్టమ్‌ను చూసుకునే చిన్న గ్రూప్‌లో వేశారు, లీడ్‌గా ముప్పై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. జీతం తగ్గలేదు. మొదటి నెల నిద్ర పట్టలేదు, టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఫర్వాలేదు, ఆ అమ్మాయికి ఏదైనా చిక్కు వస్తే ముందు నన్నే అడుగుతుంది. అమ్మకు ఇప్పుడే చెప్పకండి, ఆగస్టులో వచ్చినప్పుడు నేనే చెప్తాను.

మీరు రైల్వే టీమ్‌లో హాఫ్ (మిడ్‌ఫీల్డ్) నుంచి వెనక స్టాపర్‌కు (డిఫెన్స్ నడుమకు) మారినప్పుడు మీకెన్నేళ్ళు? వారం రోజులు కోచ్‌తో మాట్లాడలేదని అమ్మ అంటుంది, మీరెప్పుడూ ఒప్పుకోలేదు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఈసారి చెప్పాలి.

మోకాలి ఎక్సర్‌సైజులు మానకండి.

మీ
చిన్నోడు