కృష్ణన్ కంటే ముందు షిమిజు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పేజీలో వచ్చిన క్రీడల క్విజ్ గురించి ఈ ఉత్తరం. 'వింబుల్డన్ పురుషుల సింగిల్స్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా ఆటగాడు ఎవరు?' అని అడిగి, అడుగున తలకిందులుగా అచ్చేసిన జవాబుల్లో 'రామనాథన్ కృష్ణన్, 1960' అని ఇచ్చారు. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు పేపరు తిప్పి చూసుకుని 'తాతయ్యా, నాది కరెక్టే!' అని గంతులేసింది. దాని సంబరం చెడగొట్టడం ఎందుకని అప్పటికి ఊరుకున్నాను. కానీ ఆ జవాబు తప్పండీ. కృష్ణన్ అక్కడిదాకా వెళ్లిన తొలి భారతీయుడు. ఆసియా మాటకొస్తే అంతకు నలభై ఏళ్ల ముందే, 1920లో, జెంజో షిమిజు అనే జపాన్ ఆటగాడు సెమీస్ చేరడమే కాదు, ఆ మ్యాచ్ గెలిచాడు కూడా. 1932, 1933ల్లో అదే దేశానికి చెందిన జిరో సాటో వరసగా రెండుసార్లు సెమీస్ ఆడాడు.

ఇంతమాత్రానికే ఉత్తరం రాయాలా అంటారేమో. షిమిజు మనకు మరీ పరాయివాడైతే నేనూ వదిలేసేవాణ్ని. ఆయన ఉద్యోగం చేసింది, ఆట పదును పెట్టుకున్నది కలకత్తాలో.

ఆయన 1891లో జపాన్‌లోని గున్మా ప్రాంతంలో పుట్టాడు. ఆ రోజుల్లో అక్కడి విద్యార్థులు మామూలు టెన్నిస్ ఆడేవాళ్లు కాదు. విదేశీ బంతులు ఖరీదు, దొరకడమూ కష్టం. అందుకని మెత్తటి రబ్బరు బంతితో ఒక టెన్నిస్ తయారుచేసుకున్నారు. మన సందుల్లో పిల్లలు క్రికెట్‌ని రబ్బరు బంతికి దించుకున్నట్టే అనుకోండి. ఆ బంతి తేలిక కాబట్టి గట్టిగా కొడితే లైను దాటి ఎగిరిపోతుంది. అందుకే రాకెట్‌ని అడుగునుంచి పట్టుకుని, బంతిని కింది నుంచి పైకి రాసినట్టు కొట్టి, సుడి తిప్పి దించడం వాళ్లకు అలవాటైంది. కుడివైపు వచ్చినా ఎడమవైపు వచ్చినా రాకెట్ ఒకే ముఖంతో కొట్టేవాళ్లు. కోచ్‌లు చూస్తే తల పట్టుకునే పద్ధతి. షిమిజు చివరిదాకా ఆ పద్ధతి వదల్లేదు.

టోక్యోలో వాణిజ్య కళాశాల చదువు ముగించి మిట్సుయి కంపెనీలో చేరితే కలకత్తా ఆఫీసుకు వేశారు. మామూలు టెన్నిస్ బంతి, పచ్చిక కోర్టు ఆయనకు బాగా అలవాటైంది అక్కడే. బెంగాల్ చాంపియన్‌షిప్ ఒకసారి కాదు, చాలాసార్లు గెలిచాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా బ్రాంచిలో స్పోర్ట్స్ కోటా కుర్రాడు ఒకడుండేవాడు. టోర్నమెంట్ ఉందని లెటర్ తెస్తే ఆన్ డ్యూటీ ఇవ్వాలని రూలు ఉన్నా, కౌంటర్ ఖాళీ అవుతుందని మేనేజరు మొహం మాడ్చుకునేవారు. డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ రోజుల్లో వింబుల్డన్ ఆడినవాళ్లలో ఎంతోమందిది ఆ కుర్రాడి బతుకే. ప్రైజ్ మనీ లేదు, వెంట కోచూ లేడు. ఓడలో వారాల తరబడి ప్రయాణం.

1920లో వింబుల్డన్ ఇప్పుడున్న చోట కాదు, వర్పుల్ రోడ్డులోని పాత మైదానంలో జరిగేది. అప్పటి పద్ధతి వేరు. కిందటేడు గెలిచినవాడు కాళ్లు చాపుకుని కూర్చుంటే, మిగతావాళ్లంతా తమలో తాము ఆడుకుని ఒకణ్ని తేల్చేవాళ్లు. ఆ చివరి ఆటను ఆల్ కమర్స్ ఫైనల్ అనేవాళ్లు. అందులో గెలిచినవాడే పాత చాంపియన్‌తో తలపడాలి. 1922లో ఈ పద్ధతి ఎత్తేశారు. షిమిజు ఆ ఆల్ కమర్స్ ఫైనల్ దాకా వచ్చాడు. ఎదురుగా అమెరికా బిల్ టిల్డెన్. ఆరడుగుల పైచిలుకు మనిషి, తుపాకీ గుండులాంటి సర్వీసు. షిమిజు చూస్తే పొట్టి మనిషి. 6-4, 6-4, 13-11తో ఓడిపోయాడు. ఆ మూడో సెట్ అంకెలు చూడండి, ఇరవై నాలుగు గేములు! టిల్డెన్ తర్వాతి మ్యాచ్ కూడా గెలిచి వింబుల్డన్ నెగ్గిన తొలి అమెరికా పురుషుడయ్యాడు. మన క్విజ్ తయారుచేసినవారి పట్టికలో బహుశా చివరి మ్యాచ్ ఆడిన ఇద్దరి పేర్లే ఉండి ఉంటాయి.

మరుసటి ఏడాది జపాన్ మొట్టమొదటిసారి డేవిస్ కప్ ఆడింది. దేశాల జట్లు ఐదేసి మ్యాచ్‌లతో తలపడే పోటీ అది. ఇండియా కూడా అదే ఏడాది. మనవాళ్లు పారిస్‌లో ఫ్రాన్స్‌ను 4-1తో ఓడించి అమెరికా వెళ్లారు. మహమ్మద్ సలీం, జాకబ్, ఫైజీ ఉన్న జట్టు అది. షికాగోలో ఎదురైంది ఎవరనుకున్నారు? జపాన్. 5-0తో మనం చిత్తు. కలకత్తా పచ్చికమీద రాటుదేలినవాడు మనల్నే ఇంటికి పంపిన జట్టులో ఉన్నాడన్నమాట. నాకైతే బాధకంటే నవ్వే ఎక్కువ వచ్చింది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి జట్టు ఆస్ట్రలేషియాను కూడా దాటి జపాన్‌వాళ్లు న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో అమెరికాతో చివరి పోరుకు వెళ్లారు. మళ్లీ టిల్డెన్. ఈసారి షిమిజు తొలి రెండు సెట్లు 7-5, 6-4తో లాగేశాడు. మూడో సెట్‌లో గెలుపుకు రెండు పాయింట్ల దూరం దాకా వచ్చాడు. అక్కడ పట్టు జారింది. ఆ సెట్ 7-5తో టిల్డెన్‌కు పోయింది. విరామంలో టిల్డెన్ కాలి పుండును డాక్టరు కోసి చీము తీశాడని చెబుతారు. తిరిగొచ్చి 6-2, 6-1. మొత్తం పోరు అమెరికా 5-0తో గెలిచింది. కాబట్టి రికార్డు పుస్తకంలో చూస్తే ఏకపక్షం!

టిల్డెన్ కాలుజారి పడితే షిమిజు కావాలనే మెల్లగా బంతి వేశాడని జపాన్ పాఠ్యపుస్తకాల్లో ఒక కథ ఉండేది. ఏ మ్యాచ్‌లో అనేది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అందులో నిజం ఎంతో, అభిమానం అల్లింది ఎంతో! కథ లేకపోయినా ఆయనకు వచ్చిన లోటేమీ లేదు, ఆ స్కోర్లు చాలు. డేవిస్ కప్‌లో ఆయన జోడీ ఇచియా కుమగాయ్ 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో సింగిల్స్, డబుల్స్ రెండింట్లో రజతం తెచ్చాడు. జపాన్‌కు ఒలింపిక్స్‌లో అవే తొలి పతకాలు. ఇక సాటో 1932లో అంతకుముందటి చాంపియన్ సిడ్నీ వుడ్‌ను వింబుల్డన్‌లోనే పడగొట్టాడు. 1934లో డేవిస్ కప్‌కని ఓడలో వెళుతూ మలక్కా జలసంధిలో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి 26 ఏళ్లు. అది రాయాలంటే వేరే ఉత్తరం కావాలి.

ఒక్క క్విజ్ తప్పుతో పోతే పర్వాలేదు. మీ స్పోర్ట్స్ పేజీలోనే 'టెన్నిస్ చరిత్రలో తొలిసారి' అని తరచూ కనిపిస్తోంది. లోపల చదివితే అది 1968 తర్వాతి లెక్క. ప్రొఫెషనల్స్‌ను కూడా రానిచ్చి ఓపెన్ ఎరా మొదలుపెట్టిన ఏడాది అది. టీవీ వ్యాఖ్యాతలు 'ఓపెన్ ఎరాలో' అని జాగ్రత్తగానే అంటారు. మన దగ్గరకు వచ్చేసరికి హెడ్డింగులో చోటు చాలక ఆ మాట ఎగిరిపోతుంది. మరి కృష్ణన్ వింబుల్డన్ సెమీస్ ఆడింది 1960, 1961ల్లో. ఆ హెడ్డింగుల లెక్కన ఆయన కూడా చరిత్రలో లేనట్టే! ఒక పేజీలో ఆయన్ను అందరికంటే ముందు నిలబెట్టి, ఇంకో పేజీలో లేకుండా చేస్తే ఎలాగండీ?

నేను కోరేది రెండే. ఓపెన్ ఎరా లెక్క అయినప్పుడు ఆ రెండు మాటలు హెడ్డింగులో పట్టకపోతే కనీసం మొదటి వాక్యంలో వేయండి. రెండోది, వచ్చే ఆదివారం ఆ క్విజ్ జవాబు సవరించండి. తలకిందులుగా కాకుండా మామూలుగా వేస్తే మా మనవరాలికి చూపించి, కత్తిరించి దాని జీకే నోటుబుక్కులో అంటిస్తాను. అది అడగబోయే మొదటి ప్రశ్న నాకు ఇప్పుడే తెలుసు: 'మరి నా మార్కు పోయినట్టేనా తాతయ్యా?'

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కాకినాడ